ఊపిరితిత్తుల సూది బయాప్సీ

ఊపిరితిత్తుల సూది బయాప్సీ అనగా సీటీ స్కాన్ లేదా అల్ట్రాసౌండ్ చిత్రాలను చూస్తూ, ఛాతీ గోడ గుండా సన్నని సూదిని పంపి, ఊపిరితిత్తిలోని గడ్డ నుండి కణాలను గాని, చిన్న కణజాలపు ముక్కను గాని బయటకు తీసే వైద్య పరీక్ష. వాడుకలో దీనిని ముక్క పరీక్ష లేదా సూది పరీక్ష అని కూడా అంటారు. ఎక్స్‌రేలో గాని, సీటీ స్కాన్‌లో గాని కనిపించేది నీడ మాత్రమే. ఆ నీడ క్షయ వలన ఏర్పడినదా, క్యాన్సరా, శిలీంధ్ర వ్యాధియా, దుమ్ము పీల్చడం వలన కట్టిన గడ్డయా అనేది అనేక సందర్భాలలో చిత్రాన్ని చూసి మాత్రమే తేల్చడం సాధ్యం కాదు. అటువంటప్పుడు ఈ పరీక్ష అవసరమవుతుంది.

తెలంగాణలోని సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఈ పరీక్షకు ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉన్నది. ఇక్కడ క్షయ ఉన్నది, బీడీ, చుట్ట, సిగరెట్టు అలవాట్లు ఉన్నాయి, కర్మాగారాల దుమ్ము, ఆవిరులు కూడా ఉన్నాయి. ఒకే రకమైన నీడకు ఇన్ని కారణాలు ఉండగలవు. బయాప్సీ "ఇది ఏ వ్యాధి?" అనే ప్రశ్నకు సమాధానం ఇస్తుంది. "ఇది ఎందుకు వచ్చింది?" అనే ప్రశ్నకు మాత్రం చాలా సందర్భాలలో ఇవ్వలేదు. అందుకు రోగి ఏ పని, ఎక్కడ, ఎన్నేళ్ళు చేశాడనే వివరం విడిగా నమోదు కావలసి ఉంటుంది.

ప్రాంతీయ నేపథ్యం

పటాన్‌చెరు హైదరాబాదుకు వాయవ్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో జాతీయ రహదారిపై ఉన్నది. పూర్వం ఇది మెదక్ జిల్లాలో భాగం. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో చేరింది. 1970వ దశకం నుండి ఇక్కడ పారిశ్రామికవాడ పెరిగింది. క్రమంగా బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం ప్రాంతాలకు పరిశ్రమలు విస్తరించాయి. మందుల తయారీకి కావలసిన రసాయనాలు, లోహపు సామగ్రి, సిమెంటు రేకులు మొదలైనవి ఈ ప్రాంతంలో తయారవుతున్నాయి.

పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులోను, దాని ద్వారా మంజీరా నదిలోను కలుస్తున్నాయనే ఆరోపణతో 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసింది. 2001లో ఆ వ్యాజ్యం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ అయినది. పటాన్‌చెరులో వైద్యవృత్తి చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఈ ప్రాంతపు కాలుష్య వ్యతిరేక ఉద్యమంలో ప్రముఖులు. 2004లో గ్రీన్‌పీస్ సంస్థ మెదక్ జిల్లా ప్రజారోగ్య స్థితిపై ఒక నివేదిక ప్రచురించింది. కాలుష్య ప్రభావిత గ్రామాలలో క్యాన్సర్‌తో సహా పలు వ్యాధులు, పోలిక కొరకు తీసుకొన్న ఇతర గ్రామాలకంటె ఎక్కువగా ఉన్నాయని అందులో పేర్కొన్నది. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు ప్రకటించింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తయారుచేసిన సూచికలో పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతం 70కి పైగా మార్కులతో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేరింది.

పైన చెప్పిన వ్యాజ్యము, 2007 నాటి పరిశోధన ప్రధానంగా నీటికి సంబంధించినవి. ఊపిరితిత్తులకు చేటు చేసేది గాలి, దుమ్ము, పొగ. ఈ ప్రాంతంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ నిజంగా ఎంత ఉన్నదో చెప్పాలంటే ప్రతి రోగి వ్యాధి కణజాల పరీక్షతో నిర్ధారణ అయి, ఒక రిజిస్టరులో నమోదు కావాలి. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రచురించిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో తెలంగాణ నుండి హైదరాబాదు జిల్లా జనాభా లెక్కలు చేరాయి. సంగారెడ్డి జిల్లా ఆ పరిధిలో లేదు. అందువలన ఇక్కడ ఒక్కొక్క రోగికి జరిగే సరైన నిర్ధారణ ఆ రోగికే కాక ప్రాంతానికి కూడా ఒక ఆధారం అవుతుంది.

నీడ ఒకటే, వ్యాధులు అనేకం

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తపు జీర అనేవి క్షయ లక్షణాలు. ఊపిరితిత్తుల క్యాన్సర్ లక్షణాలు కూడా ఇంచుమించు ఇవే. క్షయ మన దేశంలో అధికంగా ఉన్నందున, నీడ కనిపించగానే కళ్ళె పరీక్షలో క్రిమి కనబడకపోయినా క్షయ మందులు మొదలుపెట్టడం తరచుగా జరుగుతుంది. తరువాత క్యాన్సర్ అని తేలిన రోగులలో చాలామంది అంతకు ముందు కొన్ని నెలలు క్షయ మందులు వాడి ఉన్నారని భారతీయ వైద్య పత్రికలలో పలుమార్లు ప్రచురితమైనది. శస్త్రచికిత్సకు వీలుగా ఉండిన గడ్డ ఆ నెలలలో వీలుకాని దశకు చేరవచ్చు.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉన్నది. క్షయ గడ్డను చూసి క్యాన్సర్ అని భయపడి, నయమయ్యే వ్యాధికి వైద్యం మానుకొన్న కుటుంబాలు లేకపోలేదు. ఇసుకరాతి దుమ్ము వలన వచ్చే సిలికోసిస్ ముదిరినప్పుడు మచ్చలన్నీ కలిసి పెద్ద గడ్డలుగా మారి క్యాన్సర్‌ను పోలి ఉంటాయి. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ.

కళ్ళె పరీక్షలో క్షయ క్రిమి స్పష్టంగా కనబడితే సాధారణంగా బయాప్సీ అవసరం ఉండదు. క్రిమి కనబడనప్పుడు, లేదా మందులు వాడుతున్నా నీడ తగ్గనప్పుడు, ముక్క పరీక్షను వాయిదా వేయకపోవడం మంచిది.

చరిత్ర

ఊపిరితిత్తిలోనికి సూదిని పంపి నమూనా తీయడం 19వ శతాబ్దంలోనే మొదలైనది. 1883లో జర్మన్ వైద్యుడు లైడెన్ న్యుమోనియా కారక క్రిములను గుర్తించడానికి ఈ పద్ధతిని వాడాడు. 1886లో ఫ్రాన్సుకు చెందిన మెనెట్రియే దీనితో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను నిర్ధారించాడు. అప్పటికి ఎక్స్‌రేలు లేవు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు. 1930లో న్యూయార్కులో మార్టిన్, ఎల్లిస్ అనే వైద్యులు వివిధ గడ్డల నుండి సూదితో కణాలను తీసే పద్ధతిని వివరించారు. 1960వ దశకంలో స్వీడన్ వైద్యులు డాల్‌గ్రెన్, నార్డెన్‌స్ట్రామ్ ఎక్స్‌రే తెరపై చూస్తూ సన్నని సూదితో ఈ పరీక్ష చేయడాన్ని అభివృద్ధి పరచి, 1966లో దానిపై గ్రంథం ప్రచురించారు. 1971లో సీటీ స్కాన్ మొదటిసారిగా రోగిపై వాడబడినది. 1976లో అమెరికాలో హాగా, అల్ఫిడి సీటీ సహాయంతో బయాప్సీ చేసే విధానాన్ని ప్రకటించారు. నేడు ఊపిరితిత్తుల విషయంలో అత్యధికంగా వాడేది ఇదే.

ఎవరికి చేస్తారు

గడ్డ ఊపిరితిత్తి అంచులకు, అనగా ఛాతీ గోడకు దగ్గరగా ఉన్నప్పుడు సూది బయాప్సీ బాగా పనికివస్తుంది. పెద్ద శ్వాసనాళానికి ఆనుకొని ఉన్న గడ్డకు బ్రాంకోస్కోపీ, అనగా ముక్కు లేదా నోటి ద్వారా గొట్టం పంపి చూసే పరీక్ష, మేలు. మెడలో గ్రంథి వాచి ఉంటే ముందుగా దాని నుండి నమూనా తీయడం సులభం, ప్రమాదం కూడా తక్కువ. ఛాతీలో నీరు చేరి ఉంటే ఆ నీటినే మొదట పరీక్షిస్తారు. గడ్డ ఛాతీ గోడను తాకి ఉన్నప్పుడు అల్ట్రాసౌండ్ చాలు.

6 మిల్లీమీటర్ల కంటె చిన్నవైన మచ్చలకు సాధారణంగా బయాప్సీ చేయరు. అవసరమైతే కొన్ని నెలల తరువాత మరల స్కాన్ తీసి, పెరుగుదలను గమనిస్తారు.

కింది పరిస్థితులలో పరీక్ష చేయరు, లేదా ఎంతో ఆలోచించి చేస్తారు:

రక్తం గడ్డకట్టే గుణం తక్కువగా ఉన్నవారు.
ఊపిరి బిగబట్టలేనివారు, దగ్గును ఆపుకోలేనివారు.
పొగ వలన ఊపిరితిత్తులు ఉబ్బి, గాలి బుడగలు ఏర్పడినవారు.
ఒకే ఊపిరితిత్తి పనిచేస్తున్నవారు.
గడ్డ నిజానికి రక్తనాళపు ఉబ్బు అని అనుమానం ఉన్నవారు.
హైడాటిడ్ తిత్తి అనుమానం ఉన్నవారు. కుక్కలు, గొర్రెల ద్వారా వ్యాపించే ఈ వ్యాధిలో సూది గుచ్చితే తిత్తిలోని ద్రవం బయటపడి తీవ్రమైన ప్రతిచర్య రావచ్చు.

ముందు జాగ్రత్తలు

పరీక్షకు ముందు ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు. ప్లేట్‌లెట్లు 50,000 కంటె ఎక్కువ, ఐ.ఎన్.ఆర్. విలువ 1.5 కంటె తక్కువ ఉండాలని సాధారణ నియమం. గుండె జబ్బుకు, పక్షవాతానికి రక్తాన్ని పలుచబరచే మందులు వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. వాటిలో కొన్నిటిని సుమారు 5 రోజుల ముందు ఆపవలసి ఉంటుంది. అయితే ఆ నిర్ణయం వైద్యునిదే, రోగి సొంతంగా మానకూడదు. పాత ఎక్స్‌రేలు, స్కాన్ ఫిల్ములు అన్నీ వెంట తీసుకువెళ్ళడం మంచిది. రెండేళ్ళ నాటి ఫిల్ములో అదే మచ్చ అదే పరిమాణంలో ఉంటే బయాప్సీ అవసరమే లేకపోవచ్చు.

చేసే విధానం

గడ్డ ఉన్న చోటును బట్టి రోగిని వెల్లకిలా గాని, బోర్లా గాని, పక్కకు గాని పడుకోబెడతారు. చర్మంపై గుర్తు పెట్టి స్కాన్ తీసి, సూది వెళ్ళవలసిన దారిని, లోతును కొలుస్తారు. లిగ్నోకైన్ అనే మందుతో ఆ చోటును మాత్రమే తిమ్మిరెక్కిస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు.

పక్కటెముక కింది అంచు వెంబడి రక్తనాళాలు, నరము పోతాయి. కాబట్టి సూదిని పక్కటెముక పై అంచు మీదుగా పంపుతారు. ఊపిరితిత్తిని కప్పి ఉండే పొరను వీలైనంతవరకు ఒకేసారి దాటేటట్లు చూస్తారు. అందుకోసం బయట ఒక గొట్టం వంటి సూదిని నిలిపి, దాని లోపలి నుండి మరొక సూదితో అనేక ముక్కలు తీస్తారు. సూది కదిలే సమయంలో రోగి చెప్పినట్లు ఊపిరి బిగబట్టాలి. ప్రతి అడుగుకు స్కాన్ తీసి సూది మొనను సరిచూస్తారు.

నమూనా తీయడం రెండు రకాలు. సన్నని సూదితో కణాలను పీల్చి తీయడం మొదటిది. దీనికి సాధారణంగా 22 గేజి సూది వాడతారు. 18 లేదా 20 గేజి కోత సూదితో దారం వంటి ముక్క తీయడం రెండవది. గేజి సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. క్యాన్సర్ రకాన్ని, అందులోని జన్యు మార్పులను తెలుసుకోవడానికి ముక్క ఎక్కువ ఉపయోగకరం.

మొత్తం పరీక్షకు సాధారణంగా అరగంట నుండి గంట వరకు పడుతుంది. తరువాత సూది గుచ్చిన వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టి, కొన్ని గంటల పాటు గమనించి, ఎక్స్‌రే తీస్తారు.

నమూనా ఏ సీసాలో వేయాలి

ఈ చిన్న విషయం వలన ఫలితం తారుమారు కావచ్చు. సూక్ష్మదర్శిని కింద చూడవలసిన ముక్కను ఫార్మలిన్‌లో వేస్తారు. ఫార్మలిన్ క్రిములను చంపివేస్తుంది. కాబట్టి క్షయ క్రిమి పెంపకానికి పంపవలసిన ముక్కను ఫార్మలిన్‌లో వేయకూడదు, శుద్ధమైన సెలైన్‌లో వేయాలి. ఉన్నదంతా ఒకే ఫార్మలిన్ సీసాలో వేస్తే క్రిమి పెంపకానికి దారి మూసుకుపోతుంది, మరల సూది గుచ్చవలసి రావచ్చు. క్షయ, క్యాన్సర్ రెండూ సాధ్యమైన చోట మొదటిసారే రెండు సీసాలు సిద్ధంగా ఉంచడం అవసరం.

కణాల పరీక్ష ఫలితం ఒకటి రెండు రోజులలో, ముక్క పరీక్ష ఫలితం సుమారు వారంలో వస్తాయి. సీబీనాట్ అనే క్షయ పరీక్ష యంత్రంలో సుమారు రెండు గంటలలో పూర్తవుతుంది. ద్రవ మాధ్యమంలో క్షయ క్రిమి పెంపకానికి ఆరు వారాల వరకు పట్టవచ్చు. జన్యు పరీక్షలకు రెండు మూడు వారాలు పడుతుంది.

ఫలితాలను అర్థం చేసుకొనుట

క్యాన్సర్ ఉన్నప్పుడు దానిని గుర్తించడంలో ఈ పరీక్ష సుమారు 90 శాతం సందర్భాలలో సఫలమవుతుంది. అనగా పదిమందిలో ఒకరి విషయంలో తప్పిపోవచ్చు. సూది గడ్డ పక్కనుండి పోవడం, గడ్డ మధ్యలోని చచ్చిన భాగం మాత్రమే రావడం ఇందుకు కారణాలు.

"క్యాన్సర్ కణాలు కనబడలేదు" అనే మాటకు "క్యాన్సర్ లేదు" అని అర్థం కాదు. నివేదికలో క్షయ గాని, శిలీంధ్రం గాని, మరొక నిర్దిష్టమైన వ్యాధి గాని పేర్కొనబడితే అది నిజమైన సమాధానం. "వాపు మాత్రమే ఉన్నది" అని ఉండి, స్కాన్‌లో గడ్డ అనుమానాస్పదంగా ఉంటే మరల పరీక్ష చేయాలి, లేదా కొద్ది వారాలలో స్కాన్ తీసి చూడాలి. ఈ సంగతి తెలియక, నివేదిక చేతికి రాగానే ఊరట చెంది తిరిగి ఆసుపత్రికి రాని రోగులకు నష్టం జరుగుతుంది.

క్యాన్సర్ అని తేలినప్పుడు దాని రకాన్ని చెప్పడం తప్పనిసరి. అడినోకార్సినోమా అనే రకంలో ఇ.జి.ఎఫ్.ఆర్., ఏ.ఎల్.కె. వంటి జన్యు మార్పులను పరీక్షిస్తారు. ఇవి ఉన్నవారికి మాత్రలతోనే వైద్యం చేసే వీలున్నది. ఇటువంటి మార్పులు పొగ తాగనివారిలో ఎక్కువగా కనిపిస్తాయి.

ప్రమాదాలు

ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. 2011లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 15,865 బయాప్సీలను పరిశీలించగా 15 శాతం మందికి గాలి చేరినది. 6.6 శాతం మందికి ఛాతీలో గొట్టం వేసి గాలిని తీయవలసి వచ్చినది. ఒక శాతం మందికి గమనించదగిన రక్తస్రావం జరిగినది. మిగిలినవారిలో చేరిన కొద్దిపాటి గాలి తనంతట తానే ఇంకిపోయినది. కళ్ళెలో కొద్దిగా రక్తం రావడం సాధారణం, అది త్వరలో తగ్గిపోతుంది. రక్తనాళంలోనికి గాలి బుడగ చేరడం చాలా అరుదు, కాని ప్రాణాంతకం.

ఇంటికి వెళ్ళిన తరువాత హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, ఎక్కువగా రక్తం పడడం జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కొన్ని రోజుల పాటు బరువులు ఎత్తరాదు. రోజుకూలీ పనివారికి ఇది కష్టమైన నియమం. అందువలన ఈ సంగతి పరీక్షకు ముందే చెప్పడం అవసరం.

"సూది తగిలితే గడ్డ పాకుతుంది" అనే నమ్మకం ప్రజలలో బలంగా ఉన్నది. సూది దారి వెంట క్యాన్సర్ కణాలు నాటుకొన్న సంఘటనలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. కాని అవి వెయ్యింటికి ఒకటి కంటె తక్కువ. బయాప్సీ తరువాత రోగి క్షీణిస్తే, దానికి కారణం సాధారణంగా సూది కాదు, అప్పటికే ముదిరిన వ్యాధి. పరీక్ష ఎంత ఆలస్యమైతే ఈ అపోహకు అంత బలం చేకూరుతుంది.

వృత్తి వివరాల నమోదు

ఆస్బెస్టాస్, స్ఫటిక రూపంలోని సిలికా దుమ్ము మానవులలో క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ వర్గీకరించింది. 2013లో బయటి గాలి కాలుష్యాన్ని కూడా అదే వర్గంలో చేర్చింది. అయినప్పటికీ, సిలికా దుమ్ము వలన వచ్చిన క్యాన్సర్, బీడీ వలన వచ్చిన క్యాన్సర్ సూక్ష్మదర్శిని కింద ఒకే విధంగా ఉండవచ్చు. సూదితో తీసిన చిన్న ముక్కలో దుమ్ము రేణువులు దొరకకపోవడం దుమ్ము పీల్చలేదనడానికి రుజువు కాదు. సిలికోసిస్ వంటి వ్యాధుల నిర్ధారణ ప్రధానంగా పని చరిత్ర పైన, అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాల ప్రకారం చదివిన ఎక్స్‌రే పైన ఆధారపడుతుంది.

అందుచేత కేస్ షీటులో "కూలీ", "ప్రైవేటు ఉద్యోగం" అని మాత్రమే రాయడం చాలదు. ఏ రకమైన కర్మాగారం, అందులో ఏ విభాగం, ఏ పదార్థాలను చేతితో ముట్టాడు లేదా పీల్చాడు, ఎన్నేళ్ళు, మాస్కు ఇచ్చారా, అంతకు ముందు ఏ ఊరిలో ఏ పని అనే వివరాలు ఉండాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్ దుమ్ము తగిలిన 20, 30 ఏళ్ళ తరువాత కూడా రావచ్చు. అప్పటికి కార్మికుడు పని మానివేసి ఉండవచ్చు, వలస కార్మికుడైతే స్వంత రాష్ట్రానికి తిరిగి వెళ్ళి ఉండవచ్చు.

1923 నాటి కార్మిక పరిహార చట్టపు మూడవ షెడ్యూలులో ఆస్బెస్టాస్ వలన వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా వృత్తి వ్యాధులుగా చేర్చబడ్డాయి. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కూడా వృత్తి వ్యాధుల జాబితా ఉన్నది. జాబితాలోని వ్యాధిని గుర్తించిన వైద్యుడు అధికారులకు తెలియజేయాలనే నిబంధన 1948 నాటి కర్మాగారాల చట్టంలో ఉండినది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లోనూ అటువంటి నిబంధన ఉన్నది. పరిహారం కోరే కుటుంబానికి బయాప్సీ నివేదిక వ్యాధికి రుజువు, పని చరిత్ర కారణానికి రుజువు. రెండూ అవసరం.

వైద్య సౌకర్యాలు

ఈ పరీక్షకు సీటీ యంత్రం ఒక్కటే చాలదు. అనుభవం గల రేడియాలజిస్టు, పాథాలజిస్టు, అవసరమైతే ఛాతీలో గొట్టం వేయగల వైద్యుడు దగ్గరలో ఉండాలి. అందువలన ఈ ప్రాంతపు రోగులు హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రులకు వెళ్ళడం పరిపాటి. వాటిలో 1955లో ప్రారంభమైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్, ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ముఖ్యమైనవి. 2022లో సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. సంఘటిత పరిశ్రమలలో పనిచేసేవారికి కార్మిక రాజ్య బీమా, తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఆసుపత్రి ఖర్చులకు ఆధారంగా ఉన్నాయి. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది.

ఇవి కూడా చూడండి

క్షయ
ఊపిరితిత్తుల క్యాన్సర్
సిలికోసిస్
పటాన్‌చెరు
మంజీరా నది